ఆ మంచి పిల్ల నా కూతురు కాదు

నాన్నా పెద్దోడా,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. ప్రతి ఉత్తరంలోనూ రాసే మాటే, ఇప్పుడు ఆ 'అందరం' దగ్గర చెయ్యి ఆడలేదు. జ్వరమని నడిచి వెళ్ళిన చెల్లి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు కదా. నేనూ మీ నాన్నా ఉన్నాం. నువ్వు బాగున్నావని తలుస్తాను.

ముందు నువ్వడిగినవి చెప్తాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. మాత్ర వేసుకుంటే ఊరుకుంటుంది, మానేస్తే మళ్ళీ పలకరిస్తుంది. కిటికీలోంచి వాన కారడం ఆగింది, మీ నాన్న రేకు ముక్క కొట్టాడు. వంకరగా కొట్టాడు, చెప్తే అలుగుతాడని చెప్పలేదు. లాండ్రీకి మళ్ళీ పనికి వెళ్తున్నాను. ఇంట్లో ఉంటే గుమ్మం పక్కన దాని చెప్పులు కనిపిస్తాయి.

చెల్లి సంతాప సభ ఎలా జరిగింది, నువ్వు పంపిన కాగితం చదివారా, దాన్ని ఫోటోతో అచ్చు వేయించి చుట్టాలకు పంచనా అని అడిగావు. అచ్చు వేయించకు. ఎందుకో చెప్తాను. కోపంగానే చెప్తాను, కూర్చుని చదువు.

"అమ్మా, నీకు రాయడం కష్టం కదా, నీ తరఫున ఏఐ చేత రాయించాను, చాలా బాగా వచ్చింది" అని రాశావు. కష్టమే. మూడో తరగతి దాకా చదివినదాన్ని, నా అక్షరాలు ఎలా ఉంటాయో నీకు తెలుసు. కష్టమని, నా బిడ్డ గురించి చెప్పుకునే పని నా చేతిలోంచి లాక్కుని దానికి అప్పజెప్తావా? నాకు కూతురు పోయింది. ఆ యంత్రానికి ఎవరు పోయారు?

చెల్లీ నేనూ కలిసి పనిచేసిన చోటే కదా, లాండ్రీ భోజనాల గదిలోనే సభ పెట్టి, బల్లలు పక్కకు జరిపి అందరినీ కూర్చోబెట్టారు. సూపర్‌వైజర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. 'నా ప్రియ పుత్రిక తన చిరునవ్వుతో ప్రతి గదినీ వెలిగించేది.' పుత్రిక అనే మాట నా నోట ఎప్పుడు విన్నావురా? 'ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. అన్నాచెల్లెళ్ళు పాలూ తేనెలా కలిసి ఉండేవారు.' అప్పుడు ఇస్త్రీ మిషన్ మీద పనిచేసే ఆవిడ, చెల్లి 'పొగబండి' అని పేరు పెట్టిందే, ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "వదినా, ఎవరి కాగితమో మారి వచ్చినట్టుంది. నన్ను తిట్టకుండా మన పిల్ల ఏ రోజైనా అన్నం తిన్నదా?" మిషన్ల రొదలో పనిచేసీ చేసీ ఆవిడకు గుసగుసలాడటం రాదు. గదంతా వినబడింది.

ఎవరూ నవ్వలేదు. అందరూ నా వైపు చూశారు. నా పేరు మీద వచ్చిన కాగితం కదా, నా కూతురు నాకే తెలియదనుకున్నారేమో. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ కాగితంలో ఉన్న మంచి పిల్ల ఎవరో నాకు తెలియదు. దాన్ని నేను కనలేదు. నేను కన్నది నోటి దురుసు పిల్లని. దుప్పట్లు మడతపెట్టే చోట ఇద్దరం జంటగా చేసేవాళ్ళం. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా నిలబడి, బిగించి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. అది నడిచే ముందు ప్రతి దుప్పటినీ ఒక్క గుంజు గుంజేది. నేను ముందుకు తూలితే "ముసల్దానా, కాళ్ళు నేల మీద పెట్టు" అని పగలబడి నవ్వేది. దాన్ని తిట్టీ తిట్టీ, చివరికి నేనే కాళ్ళు బిగించి వెనక్కి వాలి నిలబడటం నేర్చుకున్నాను.

ఇప్పుడు నా ఎదురుగా ఒక కొత్తమ్మాయిని పెట్టారు. నెమ్మదస్తురాలు. మొదటిరోజు అలవాటు కొద్దీ వెనక్కి వాలాను. ఎవరూ గుంజలేదు. కొసలు ఆ పిల్ల చేతుల్లోంచి జారిపోయాయి, నేను దుప్పటితో సహా వెల్లకిలా పడ్డాను. "పిన్నీ, నేనేం చెయ్యలేదు" అంది పాపం, బెదిరిపోయి. "అదే కదమ్మా నా ఏడుపు" అన్నాను.

ఇది నీ యంత్రానికి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పి ఉంటే రాసేదేమో. చెప్పాలంటే నువ్వు కూర్చుని తల్చుకోవాలి. ఆ తల్చుకోవడమే తప్పించుకున్నావు. నా కోపం అందుకు.

ఇంతసేపూ చెప్పకుండా ఆపిన మాట ఒకటుంది. ఆ రోజు సభలో నేను లేచి "ఆపండి బాబూ, అది నేను రాసింది కాదు" అన్నాను. కాగితం మడిచి నా సంచిలో వేసుకున్నాను. తర్వాత నోటికొచ్చిందల్లా చెప్పాను. మీ ఇద్దరికీ మాటల్లేవని కూడా చెప్పాను. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు దాని సైకిల్ అడక్కుండా అమ్మేశావని, అప్పటి నుంచి నీతో పలకలేదని, ఫోన్‌లో నీ పేరు 'సైకిల్ దొంగ' అని పెట్టుకుందని. అందరి ముందూ నీ పరువు తీశాను. కోపం వస్తే రానీ. వాళ్ళు నవ్వారు, తర్వాత ఏడ్చారు. పొగబండి ముక్కు చీదుకుంటూ, "ఇప్పుడొచ్చింది మన పిల్ల" అంది.

ఇంకొకటి. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అది గోడకు ఆనుకుని వినేది. నేను పెట్టెయ్యగానే "ఏమంటున్నాడు దొంగ, తిన్నాడా" అని అడిగేది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను.

పాలూ తేనే అని రాయించావు చూడు, అక్కడ నీ గొంతుకు ఏం అడ్డం పడిందో నాకు తెలుసు. దాన్నే నువ్వు రాయి. సైకిల్ ఎందుకమ్మావో రాయి. చెల్లిని తిట్టాలనిపిస్తే తిట్టు, దానికి అలవాటే. అక్షరాలు వంకర పోతే పోనీ. మీ నాన్న కొట్టిన రేకు వంకరగానే ఉంది, వాన ఆగింది.

పక్కింటి పిల్ల "ఫోన్‌లో చెప్పు అత్తా, అదే రాసేస్తుంది" అంది. వద్దన్నాను. మాసిన బట్టల సంచుల మీద గుర్తులు పెట్టే పెన్సిల్‌తో రాస్తున్నాను. నొక్కి రాస్తే అక్కడక్కడ కాగితం చిరిగింది, చూసుకుని చదువు.

నాన్నా, నేను ఇక్కడ కాళ్ళు బిగించి నిలబడి ఉన్నాను. ఇవతలి కొసలు నా చేతిలో ఉన్నాయి. అవతలివి నువ్వు పట్టుకో. పట్టుకుని ఒక్క గుంజు గుంజు.

ఇట్లు,
నిన్నూ ఆ నోటి దురుసు పిల్లనీ కన్న
మీ అమ్మ