పాల పుస్తకం వెనక పేజీలు

జూన్ 2, సోమవారం. మధ్యాహ్నం 2.30

బట్టలు రెండు బకెట్లు. దుప్పట్లు మూడు. గ్యాస్ మార్చాను, పాతది ముప్పై నాలుగు రోజులు వచ్చింది. వంటింటి కుళాయికి కొత్త వాషర్, పదిహేను. పాలు లీటరు. అత్తయ్య మోకాలి మందు అయిపోయింది, రేపు తేవాలి.

ఇవన్నీ మామూలుగా డైరీలో రాస్తాను. డైరీ కుట్టుమిషను సొరుగులో దారపు కండెల కింద ఉంటుంది. ఇవాళ్టి నుంచి మాత్రం పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను. దీన్ని నేను తప్ప ఎవరూ తెరవరు.

కారణం ఉంది. అత్తయ్య రోజూ టీ తాగుతూ, మా ఆయన పనిచేసే అట్టపెట్టెల కంపెనీ చైర్మన్ ఫోన్లో పెట్టే 'ఉదయం మాట' పైకి చదువుతుంది. నాయకత్వం, డబ్బు, క్రమశిక్షణ, ఈ కాలం మనుషులు, ఇలా రోజుకొకటి. పక్కన ఆ చైర్మన్ ఫొటో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తూ. పంటినొప్పి కాబోలు పాపం, ఎవరైనా లవంగం పెట్టండర్రా అంటుంది అత్తయ్య.

ఈ రోజు మాట ఇది: 'పెద్ద ఖర్చులు అరుస్తాయి. చిన్న ఖర్చులు చప్పుడు చేయకుండా తింటాయి. నాయకుడు ముందు చిన్నవాటిని పట్టుకోవాలి.'

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మే 26న కారుతున్న కుళాయి గురించి డైరీలో నేను రాసుకున్న వాక్యం అది. 'ఇల్లాలు' తీసేసి 'నాయకుడు' పెట్టారు. మిగతాదంతా నాదే.

జూన్ 3, మంగళవారం

మోకాలి మందు 140. ఉల్లిపాయలు రెండు కిలోలు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. అమ్మాయి హాస్టల్లో ఉంది. నన్ను తీసేస్తే ఇద్దరు.

అత్తయ్య: ఏ సంచీ వచ్చినా చెయ్యి పెట్టి చూస్తుంది. చైర్మన్ పోస్టులకు పువ్వుల బొమ్మలు పంపుతుంది. అనుమానం డెబ్బై శాతం.

ఆయన: స్టోర్స్‌లో సూపర్‌వైజర్. పేపర్లో ఆటల పేజీ తప్ప చదవరు. నా లెక్కలు చూపిస్తానంటే నీ ఆడిట్ నువ్వే చేసుకో తల్లీ అని దండం పెడతారు. ముప్పై శాతం.

పాత మాటలు వెనక్కి జరిపి చూశాను. ఏప్రిల్ నుంచి పద్నాలుగు వాక్యాలు నావి. గొడుగు గురించి రాసింది కూడా వదల్లేదు.

జూన్ 5, గురువారం

డైరీలో అబద్ధం ఒకటి రాశాను. జీవితంలో మొదటిసారి. 'మా అమ్మమ్మ భోజనాల దగ్గర ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. రావలసినవాళ్లు ఎవరైనా ఉంటారు అనేది.'

అమ్మమ్మను నేను చూడనేలేదు. వాళ్లింట్లో కుర్చీలున్నాయో లేదో కూడా తెలియదు.

డైరీ పైన కండెలు నా వరసలోనే పెట్టాను: తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు.

జూన్ 7, శనివారం

నలుపు పక్కన తెలుపు ఉంది. నీలం తలకిందులుగా ఉంది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన అత్తయ్య కలలో కూడా ఈ తప్పు చేయదు.

జూన్ 9, సోమవారం

బట్టలు ఒక బకెట్. పాలు లీటరు.

అత్తయ్య చదివింది: 'మా అమ్మమ్మ భోజనాల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచేది. ఇక మీదట మా మీటింగుల్లోనూ ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. అది కస్టమర్ కుర్చీ.'

ఆయన టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. ఎంత మంచి అమ్మమ్మో చూడమంది అత్తయ్య. అవునవును అన్నారు ఆయన. నేనూ అవునన్నాను. టీలో చక్కెర రెండోసారి వేసుకున్నాను. కోపానికో, పట్టుకున్నానన్న సంతోషానికో చెప్పలేను.

జూన్ 11, బుధవారం

ఆయన కాళ్లు నొప్పులని కుర్చీలో కూలబడ్డారు. మీటింగు రెండున్నర గంటలు నడిచిందట. పదకొండు మంది మనుషులు, పదకొండు కుర్చీలు. ఒకటి కస్టమర్‌కు పోయింది. చివర వచ్చిన ఈయన గోడకానుకుని నిలబడ్డారు. అంత పెద్ద కంపెనీలో ఇంకో కుర్చీకి గతి లేదా అని అత్తయ్య గట్టిగానే అడిగింది. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వాను.

తర్వాత నవ్వు రాలేదు. ఆయన జీతం స్లిప్పులు ఫైల్లోంచి తీశాను. ఏప్రిల్ నుంచి 'స్పెషల్ అలవెన్స్' అని నాలుగు వేలు ఉంది. అంతా వాళ్ల దయ అన్నారు అప్పుడు. మార్చిలో స్టోర్స్‌లో పదిమందిని తీసేస్తారని లిస్టు వచ్చింది. ఆయన పేరు ఏడోది. తొమ్మిది మంది వెళ్లారు. ఈయన ఒక్కరే ఉండిపోయారు. ఎలాగని నేను అడగలేదు. ఏనాడూ లెక్క వదలని నేను ఆ లెక్క ఒక్కటి వదిలేశాను. అమ్మాయి హాస్టల్ ఫీజు కట్టే నెల అది.

ఇప్పుడు తెలిసింది. నా వాక్యాలు అమ్మి ఉద్యోగం నిలబెట్టుకున్నారు. ఆ డబ్బుతోనే నేను బియ్యం కొన్నాను.

జూన్ 13, శుక్రవారం. సాయంత్రం 4.00

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

మా బిల్డింగు మెట్లు తుడిచే ఆమెను అందరం మెట్లామె అనే పిలుస్తాం. పొద్దున పూట ఆయన కంపెనీలోనే, కాంట్రాక్టరు కింద, ఫ్లోర్లు తుడుస్తుంది. ఇవాళ బకెట్ మూడో మెట్టు మీద పెట్టి కూర్చుండిపోయింది. కాసిని మంచినీళ్లు ఇయ్యక్కా అంది. గ్లాసు ఖాళీ చేశాక చెప్పింది. ఆరుగురిలో నలుగురిని మాన్పించారట. ఆ నలుగురిలో తనూ ఉందట. ఏప్రిల్, మే జీతాలు ఆరుగురికీ రాలేదు. మనిషికి పంతొమ్మిది వేలు. కాంట్రాక్టరును అడిగితే కంపెనీ ఇవ్వలేదంటాడు. కంపెనీని అడిగితే కాంట్రాక్టరును అడగమంటారు. మధ్యలో మేం బంతులమా అక్కా, ఇటు తంతే అటు, అటు తంతే ఇటు అంది.

కంపెనీ నోటీసు బోర్డును ఫోన్లో ఫొటో తీసి తెచ్చుకుంది. కూడబలుక్కుంటూ చదివి వినిపించింది. 'పెద్ద ఖర్చులు అరుస్తాయి. చిన్న ఖర్చులు చప్పుడు చేయకుండా తింటాయి. ఈ సూత్రం ప్రకారం హౌస్‌కీపింగ్ సిబ్బందిని...'

మేం తింటున్నామట అక్కా, చప్పుడు చేయకుండా, అంది. ఈ మాట రాసిన చెయ్యి ఏనాడైనా తడిగుడ్డ పిండిందా అని అడిగింది.

నా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. కొంగుకు తుడుచుకున్నాను.

జూన్ 14, శనివారం

నేను రాసింది కుళాయి గురించి. కుళాయి గురించి మాత్రమే.

ఈ నాయకులనే వాళ్లను ఇన్నాళ్లుగా అత్తయ్య గొంతులో వింటున్నాను. ఒక్కరోజైనా తమ ఖర్చు గురించి చెప్పినట్టు గుర్తు లేదు. చైర్మన్ గదిలో చేపల తొట్టె ఉందట, దాన్ని శుభ్రం చేయడానికి నెలనెలా ఒక మనిషి ప్రత్యేకంగా వస్తాడట. అది అరిచే ఖర్చో, అరవని ఖర్చో అడిగేవాళ్లు లేరు. నేను పొదుపు చేస్తే నా కంచంలో తగ్గుతుంది. వాళ్లు పొదుపు చేస్తే ఇంకొకళ్ల కంచంలో తగ్గుతుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నాం.

ఆయన్ని నిలదీయనా? నిలదీస్తే డైరీ ముట్టుకోరు. మాటలు ఆగుతాయి. లిస్టులో ఏడో పేరు మళ్లీ పైకి వస్తుంది. మెట్లామెకు మాత్రం పైసా రాదు.

బాకీల పేజీలో ఎక్కించాను. మెట్లామెకు నేను: ఒక వాక్యం.

జూన్ 16, సోమవారం

దుప్పట్లు మూడు. కిటికీలు నాలుగు. పాలు లీటరు.

మూడుసార్లు కొట్టేసి రాశాను. చివరికి ఇలా తేలింది:

'ఒకటో తారీఖున, పాలవాడి కంటే ముందు, మన నోట్లో టీ చుక్క పడకముందు, ఇల్లు తుడిచే మనిషి జీతం ఆమె చేతిలో పడాలి. ఆ జీతం బాకీ పెట్టిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకూడదు.'

ఇది అబద్ధం కాదు. మా అమ్మ పద్ధతి, నా పద్ధతి. ఆ చైర్మన్ దీన్ని తన నోటితో నలుగురిలో చెబితే చాలు. మెట్లామెకు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

మంచినీళ్ల వాక్యం మరీ కారంగా ఉంది. ఆయన భయపడి మొత్తానికే వదిలేస్తారు. అందుకని డైరీలో మొదటి వాక్యం ఒక్కటే ఎక్కించాను. రెండోది ఇక్కడే ఉండిపోయింది. కండెలు సర్దాను.

జూన్ 18, బుధవారం

రాలేదు. ఓపిక గురించి ఏదో వచ్చింది. అది నాది కాదు, ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో.

జూన్ 20, శుక్రవారం

రాలేదు. కండెలు మాత్రం రోజూ కదులుతున్నాయి. అంటే చదివి వదిలేస్తున్నారు. కనిపెట్టేశారా?

ఈ వారం డైరీలో అంకెలు తప్ప ఏమీ రాయలేదు. ఉప్పు ఇంత, సబ్బు ఇంత. ఆ ఒక్క వాక్యం తప్ప కొట్టులో సరుకు లేదు.

జూన్ 22, ఆదివారం

ఆయన అత్తయ్య పక్కన కూర్చుని, అమ్మా, నీ అనుభవంలో జీవితం గురించి నాలుగు మంచి మాటలు చెప్పు అన్నారు. అత్తయ్య ఆశ్చర్యంగా చూసి, మోకాళ్లు అరిగిపోకముందే తిరగాల్సినవన్నీ తిరుగు నాయనా, తర్వాత బాత్‌రూమే దూరదేశం అంది. రాసుకోబోయి పెన్ను మూసేశారు.

సొరుగు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నేను పాలగిన్నె తోముతున్నట్టు నటించాను. గిన్నె అరిగిపోయేలా తోమాను.

జూన్ 24, మంగళవారం. ఉదయం 7.20

వచ్చింది.

'మా అమ్మ ఒకటో తారీఖున, పాలవాడి కంటే ముందు, తన నోట్లో టీ చుక్క పడకముందు, ఇల్లు తుడిచే మనిషి జీతం ఆమె చేతిలో పెట్టేది. ఆ జీతం బాకీ పెట్టిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకూడదు అనేది. మా కంపెనీ నియమం కూడా అదే.'

గంటలో రెండు వేల లైకులు. అత్తయ్య పువ్వు పంపింది.

మెట్లామె వచ్చేదాకా ఇల్లంతా తిరిగాను. రాగానే చూపించాను. రెండుసార్లు చదివింది. ఈయనెవరో దేవుడిలా ఉన్నాడే అంది. అడగాల్సింది ఆ దేవుడినే అన్నాను. ఇది నీకెందుకక్కా అంది. మెట్లు రోజూ ఎక్కేదాన్ని కదా అన్నాను. ఆ జవాబు ఆమె నమ్మలేదు.

సాయంత్రానికి ఆ పోస్టు కింద ఆరు పేర్లతో ఒక కామెంటు. 'అయ్యా, నమస్కారం. మాకు ఏప్రిల్, మే ముట్టలేదు. మీ అమ్మగారి మాట ప్రకారం ఇప్పించగలరు.' దాని కింద ఎవరెవరో, ఇచ్చారా, ఇచ్చారా అని అడుగుతూ పోతున్నారు.

జూన్ 26, గురువారం

మెట్లామె మెట్లన్నీ ఎక్కి వచ్చి చెప్పింది. నిన్న పెద్ద కస్టమర్లు వచ్చారట. పనిలో మిగిలిన ఇద్దరిలో ఒకామె నీళ్ల ట్రే తీసుకెళ్లింది. చైర్మన్ గ్లాసు అందుకోబోతే, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నవ్వుతూ, తాగొచ్చాండీ, బాకీలేమీ లేవుగా అన్నాడట. తన గ్లాసు కూడా పక్కకు జరిపాడట. గదిలో ఎవరూ నీళ్లు ముట్టుకోలేదు. అంత ఏసీలోనూ చైర్మన్‌కు చెమట పట్టింది అక్కా, మా పిల్ల కళ్లారా చూసింది అంది. ముప్పైలోగా ఆరుగురికీ ఇవ్వమని అక్కడికక్కడే కాంట్రాక్టరుకు ఫోన్ చేయించాడు.

ఉద్యోగాలు తిరిగి ఇవ్వలేదు. జీతాలు మాత్రమే. అది కూడా రాసుకోవాలి.

జూన్ 27, శుక్రవారం

ఆయన త్వరగా వచ్చారు. అలవెన్స్ తీసేశారట. ఉదయం మాటలకు బయటి ఏజెన్సీని పెట్టుకున్నారట. అదేదో తనకు సంబంధం లేని కబురులా చెప్పారు. నేనూ అలాగే విన్నాను. స్టోర్స్‌లో ఉంచుతారా అంటే, ప్రస్తుతానికి ఉండమన్నారు, తర్వాత సంగతి తర్వాత అన్నారు.

నెలకు నాలుగు వేలు తక్కువ. నెయ్యి మానేస్తే ఆరు వందలు. నా చీటీ ఒకటి ఆపితే రెండు వేలు. మిగతాది చూడాలి.

ఒక్కటి అర్థం కావడం లేదు. నాలుగు వేలు పోగొట్టుకున్న మనిషి స్నానం చేస్తూ ఈల వేస్తాడా? ఇందులో ఇంకేదో ఉంది. కండెల పెట్టె చూశాను. వరస తప్పలేదు.

జూలై 1, మంగళవారం. ఉదయం 6.40

మెట్లామెకు మన వంతు జీతం ఇచ్చాను. పాలవాడు ఇంకా రాలేదు.

కంపెనీ నుంచి పంతొమ్మిది వేలు నిన్న ముట్టాయని చెప్పింది.

లెక్క మూసేముందు డైరీ, చైర్మన్ పోస్టు పక్కపక్కన పెట్టి ఒక్కో మాట సరిచూశాను. డైరీలో మంచినీళ్ల వాక్యం లేదు. అది ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

అయితే మా ఆయన ఈ పాల పుస్తకమూ చదివారు. మొత్తం చదివి, ఏమవుతుందో తెలిసే పంపారు.

మెట్లామెకు ఒక వాక్యం: తీరింది. కట్టింది ఇద్దరం. చెల్లు.