ఏడో తరగతి అద్దం

7 జూలై 2003, సోమవారం
సైన్సు మాస్టారు ఉదయశంకర్ గారు ట్రైనింగుకి పోయారు. వచ్చేదాకా ఏడో తరగతిని నన్ను చూడమన్నారు. నేను అటెండర్ని, టెన్త్ రెండుసార్లు తప్పినవాణ్ని. బడికి పట్టిన గతి!

పాఠం కాంతి పరావర్తనం. పుస్తకంలో గీతలు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. ఇంట్లో గోడద్దం పీక్కొచ్చి, ఎండ పట్టి, అవతల గట్టు మీద జీడిపిక్కలు ఏరుకుంటున్న నా చిన్ననాటి నేస్తం సన్యాసయ్య మొహాన కొట్టాను. ఒరే అప్పలసామీ, నీ తాట తీత్తానుండు అని అక్కణ్ణించే అరిచాడు. పరావర్తనం అంటే ఇదే, రాసుకోండి అన్నాను.

8 జూలై
కుడి ఎడమలు తారుమారు. నేను కుడిచెయ్యి ఎత్తితే అద్దంలోవాడు ఎడమది ఎత్తాడు. పిల్లలు ఒకటే నవ్వు. ప్రమోదిని నవ్వలేదు. దాని తండ్రి కిడ్నీ జబ్బుతో పోయి ఏడాది కాలేదు. మావయ్యా, నీ కళ్ళ కింద ఉబ్బిందేటి, మా నాయనకీ ఇలాగే మొదలైంది అంది.

నిద్ర చాల్లేదన్నాను.

సాయంత్రం చీలమండ దగ్గర వేలితో నొక్కి చూశాను. గుంట పడింది. పూడలేదు.

9 జూలై
అద్దానికి తువ్వాలు కప్పేశాను. నోట్సు చెప్పాను: వస్తువు అద్దానికి ఎంత ముందుంటే ప్రతిబింబం అంత వెనక ఉంటుంది. మనం దగ్గరికెళ్తే అదీ దగ్గరికొస్తుంది.

11 జూలై
బడి వరండాలో కిడ్నీ డాక్టర్ల క్యాంపు. ఊళ్ళో అందరూ తెలుసు కదాని రక్తం సీసాల మీద పేర్లు అంటించే పని నాకిచ్చారు. నా వెనకే సన్యాసయ్య చెయ్యి చాపాడు. వాడి సీసాకి నా పేరు, నా సీసాకి వాడి పేరు అంటించాను.

సంగతి నాకు తెలియాలి, ఊరికి తెలియకూడదు. అంతే అనుకున్నాను. ఆనక వేళాకోళం అనేస్తే సరి.

16 జూలై
కాగితాలొచ్చాయి. నా పేరున్నది శుభ్రంగా ఉంది. సన్యాసయ్య పేరున్నదాంట్లో క్రియాటినిన్ ఆరు; ఒకటిన్నర దాటితేనే కిడ్నీ జబ్బట. వాడి పెళ్ళాం సత్యవేణి బడికొచ్చి, మీ నేస్తం ముద్ద ముట్టట్లేదన్నా, ఎల్లుండి విశాఖపట్నం తీసుకుపోతన్నాం అని ఏడ్చింది. వెనకాలే వాడూ వచ్చాడు. నీది బాగుందట గదరా, పోన్లే, మా పిల్లల్ని నువ్వు సూసుకో అన్నాడు.

సరేనన్నాను. చెప్తే ఆ ఆరు నాదైపోతుంది.

17 జూలై
మాస్టారు వచ్చేశారు. అద్దం మీద తువ్వాలు తీసి, ముందు నిలబడ్డవాడు పక్కకి తప్పుకుంటే ఏమవుతుందని అడిగారు. ప్రమోదిని లేచింది. తప్పుకున్నోడికి తన మొహం కనపడదు సార్, ఆ పక్కనున్నోళ్ళకి కనపడతాది అంది.

నేను గంట కొట్టడం మర్చిపోయాను.

18 జూలై, ఉదయం 8
విశాఖ రైలు కోసం పలాస పోయే బస్సులో రాస్తున్నాను. సన్యాసయ్య చేతిలో కాగితం లాక్కుని, వాడి పేరు కొట్టేసి నా పేరు రాశాను. చెంప మీద ఒక్కటిచ్చాడు. కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

బస్సు కదిలింది. వాడు దిగలేదు.