పీడీఎఫ్‌ల మాయమైన దిష్టి చుక్క

ఆదివారం, నవాగామ్. ఇంకా లాక్‌డౌనే.

బిడ్డకు పేరు పెట్టిన నాటి ఫోటోలన్నీ ఒక్క పీడీఎఫ్ చేసి సిరిసిల్లల ఉన్న మా అక్కకు పంపిన. మేనత్తయ్యుండి, రైళ్ళు బందై ఇక్కడిదాకా రాలేకపాయె. మొదలు ఫైలు పెద్దగుండి పోలే. మస్తు చిన్నగ చేస్తే పోయింది గని, అక్క ఫోన్ చేసి గయ్యిమన్నది.

"ఏందిరా, పిల్లకు దిష్టి చుక్క పెట్టలేదా?"

పెట్టినం! ఫోటో మసకై, బుగ్గ మీది చుక్కే పోయింది. ఒక్కతీరుగున్న ఫోటోలు తీసేసి, క్వాలిటీ జర పెంచి మళ్ళ పంపిన. ఈసారి చుక్క నల్లగ, గుండ్రంగ కనవడ్డది. అక్క మళ్ళ ఫోన్ చేసింది. ఫోన్ల పటపట మెటికలు ఇరిసిన సప్పుడు ఇనవడ్డది. నేను, మా ఆమె ఒక్కటే నవ్వుడు.

రైళ్ళు ఎప్పుడు షురూ అయితయో ఏమో... పిల్ల దిష్టి మాత్రం మేనత్త ఇయ్యాల్నే తీసింది.