వలస, 214వ పేజీ

అశోక్‌నగర్,
ఆదివారం

అమ్మకు, నీ అనిత రాసేది.

నాన్న చదివి వినిపిస్తాడనే ధైర్యంతో రాస్తున్నాను. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. నువ్వేమో "ఏమైంది బిడ్డా, అన్నం తిన్నవా?" అని పరేషాన్ అవుతావు.

నెలాఖరుకు గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేస్తాను. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల చదువు నావల్ల కావటం లేదు. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటాను. చుట్టూ ఇంతమంది ఉన్నా పలకరించే దిక్కు లేదు. కుర్చీ కోసం తగాదా పడటానికి తప్ప ఎవరూ నోరు విప్పరు. నువ్వు చేనులో ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా కలుపు తీసినట్టు నేనూ ప్రతి పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి పట్టుకుంటాను. మూడో పాఠానికి వచ్చేసరికి మొదటిది మరిచిపోయి మళ్లీ మొదటికొస్తాను. ఇక్కడ చాలామందిమి అంతే. రెండుసార్లు పరీక్ష పోయింది కానీ చివరి పాఠాల మొహం ఇంతవరకు చూడలేదు.

ఇంకొక మాట. నా చిన్నప్పుడు నన్ను ముసలి ఎల్లవ్వ దగ్గర వదిలి మీరిద్దరూ పుణె పనికి పోయారు. అవ్వ ఎంత ముద్దు చేసినా గడపలో కూర్చుని ఏడ్చేదాన్ని. ఎందుకు పోయారని అడిగితే "మన తలరాత బిడ్డా" అనేదానివి. ఈ కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటే అదే గుర్తొచ్చి కడుపు మండుతుంది.

నీ అనిత

అశోక్‌నగర్,
తర్వాతి గురువారం

అమ్మా,

నాకోసం నాన్నను బస్టాండుకు పంపకు.

లైబ్రరీకి సుబ్బలక్ష్మి గారని ఒకావిడ పేపర్ చదవటానికి వస్తారు. రిటైరైన లెక్చరర్, ఇల్లు బర్కత్‌పురలో. నిన్న నా పక్కన కూర్చుని, "ఏమ్మా, ఎప్పుడు చూసినా అదే పాఠం. కథల పుస్తకమా, మొదటి నుంచి చదవటానికి?" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"మరి ఎట్ల చదవాలె మేడం?" అన్నాను.

"ముందు నీకేం కావాలో అనుకో. పుస్తకం చివర పదాల పట్టీ ఉంటుంది, ఏ మాట ఏ పేజీలో ఉందో చెబుతుంది. ఆ పేజీ తీసి ముందు శీర్షికలు చూడు, బొమ్మ కింద రాసింది చూడు. పాఠం ఆ తర్వాత."

పరీక్షకు పనికొచ్చే మాట ఏదైనా వెతికి ఉండవచ్చు. నా వేలు మాత్రం 'వలస' దగ్గర ఆగింది, 214వ పేజీ.

ఆ పేజీలో నెత్తిన తట్టలతో ఆడవాళ్ల ఫోటో ఉంది. కింద 'పాలమూరు వలస కూలీలు' అని రాశారు, మన జిల్లావాళ్లే, పేర్లు లేవు. పక్కన చిన్న శీర్షికలు: వర్షాభావం, సాగునీరు లేకపోవటం, కూలికి తీసుకుపోయే మేస్త్రీల దగ్గర తీసుకున్న అడ్వాన్సు, ముసలివాళ్ల దగ్గర మిగిలిపోయే పిల్లలు. నువ్వు తలరాత అన్నదానికి ఇన్ని కారణాలున్నాయని నాకెవరూ చెప్పలేదమ్మా. నేను బరువై వదిలి వెళ్లారనుకున్నాను ఇన్నాళ్లూ. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. సుబ్బలక్ష్మి గారు కంగారుపడి ఏమైందని అడిగారు.

"ఈ పేజీల మా అమ్మ గురించి ఉంది మేడం" అన్నాను.

ఇట్లా చదివితే నావల్ల అవుతుందనిపిస్తోంది, గది ఖాళీ చేయటం లేదు. నువ్వే ఒకసారి రా, ఆ పేజీ నీకు చదివి వినిపించాలి. నాన్నా, ఈ ముక్క మాత్రం గట్టిగా చదువు: అమ్మ మీద నాకు కోపం లేదు. నీ మీదా లేదు.

మీ బిడ్డ,
అనిత