ఆ తీగ కడక్కండి

అత్తయ్యా, వస్తూనే సింకు తోమడం మొదలెట్టకండి. వంటగట్టు మీద కాగితంలో చుట్టిన తీగ ఉంది. నిన్న జామైన సింకులో పొడుస్తుంటే ఎగిరొచ్చి నా కంట్లో గుచ్చుకుంది చూడండి, అదే. దాన్ని కడక్కుండా ఉన్నదున్నట్టు బస్టాండు వెనక కళ్లాసుపత్రికి తెండి. నేను తోమిన గిన్నెలే మళ్లీ తోముతారు మీరు, అందుకే ఇంతగా చెప్తున్నా. కొస విరిగి కంట్లో ఉండిపోయిందేమో చూడాలట.

నిన్న నీళ్లతో కడిగితే సర్దుకుందనుకున్నాం కదా. పొద్దున్నుంచి కన్ను ఎర్రగా నిప్పులా మండుతోంది, రెప్ప వాచిపోయింది. ఫోన్లో డాక్టరమ్మ కేకలేసింది. ఆ మురికి కంటి లోపలికి పోయుంటే చీము పడుతుందట, ఆలస్యమైతే చూపు దక్కదట. ఆపరేషన్ చెయ్యాల్సి రావొచ్చు, మంచినీళ్లు కూడా తాగొద్దంది. కంటికి కాగితం కప్పు అడ్డం పెట్టుకుని పక్కింటావిడతో వెళ్తున్నా.

సింకు బాగుచేయించమని మీ అబ్బాయికి ఎన్నిసార్లు చెప్పానో మీరే సాక్షి. ఇప్పుడు మాత్రం ఆయన్నేమీ అనకండి. త్వరగా రండి.

ఇంకోటి. ఇందాక మంచి కన్ను మూసుకుని గోడ మీది మన ఫొటో చూశాను. అందులో మీరెవరో నేనెవరో తెలియలేదత్తయ్యా.