దిమ్మె నడిమి ఉప్పు

హాల్వార్డ్ గారికి,

రేపు మీ వీడ్కోలు సభలో, ఇరవై రెండేళ్లు రేవు నీళ్లలో నానిన ఆ కాంక్రీటు దిమ్మెను మీకే బహూకరిస్తారట. కాఫీ, బాదం కేకూ అయ్యాక దాన్ని వేదిక మీదికి మోసుకొచ్చేది నేనే.

దాన్ని పోసిన రోజు ప్రయోగశాల కుళాయిలో నీళ్లు గడ్డకట్టాయి. అందరి ముందూ మీరు, "నీళ్లు మొయ్యడానికి తప్ప నువ్వెందుకూ పనికిరావు. పో, తీసుకురా" అన్నారు. తెచ్చాను. రేవు మెట్ల దగ్గర ముంచిన రెండు బకెట్ల సముద్రపు నీళ్లు. ఎక్కడివని ఎవరూ అడగలేదు, వాటితోనే ఆ కాంక్రీటు కలిపారు.

ఆ దిమ్మెలోలా బొగ్గు బూడిద కలిపిన కాంక్రీటు బయటి ఉప్పును లోపలి ఇనుప కడ్డీల దాకా అంత తేలిగ్గా రానివ్వదని మన ప్రయోగశాలలో పనిచేసిన రాగ్న్‌హిల్డ్ మొత్తుకునేది. ఆరేళ్లకే పగుళ్లలోంచి తుప్పు కారితే, "ఇదిగోనమ్మా నీ బూడిద!" అని నవ్వారు మీరు. నడిమికి కోసి ఉప్పెంతుందో చూద్దామని ఆమె బతిమాలినా వినలేదు. ఆమె ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది. ఆ రోజు నేనూ మీతోపాటు నవ్వాను. బూడిద కాంక్రీటు పనికిరాదని మీరు రాసిన పుస్తకమంతా ఆ దిమ్మె మీదే నిలబడింది.

సముద్రంలోంచి ఇంకిన ఉప్పయితే లోపలికి పోయేకొద్దీ తగ్గాలి. ఇందులో నడిమధ్య కూడా దండిగా ఉంటుంది. కోయించి చూడండి, ఒక్క పూట పని.

మీరు కోయించరు. బల్ల మీద పెట్టుకుని, బతికినన్నాళ్లూ దాన్నే చూస్తూ కూర్చుంటారు.

ఇట్లు,
మీ నీళ్లు మోసినవాడు