సగం గడ్డంతో నాయకుడు

అమ్మా, జ్వరం తగ్గింది, తిండి సయిస్తోంది, బెంగపడకు.

నూనె ప్యాకెట్ ధర దగ్గర మొదలైన మాట పార్టీల మీదికి పోయి నాన్నగారూ అన్నయ్యా మాట్లాడుకోవడం మానేశారనీ, అన్నయ్య వేరుకాపురం అంటున్నాడనీ వదిన రాసింది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

మా ఆఫీసు కింద సెలూన్ ఉంది. అక్కడ ఒకటే రూలు: టీవీలో ఆట వస్తుండగా రాజకీయం ఎత్తినవాళ్లు ఎవరైనా సరే, వంతు వదులుకుని బెంచీ చివరికి పోవాలి. నిన్న కుర్చీలో ఉన్నది అధికార పార్టీ వార్డు నాయకుడు. సగం గడ్డం అయ్యాక, గోలు పడగానే "ఆ స్టేడియం మా ప్రభుత్వం కట్టిందే" అన్నాడు. సెలూన్ ఆయన కత్తి ఆపాడు.

"లేవండి సార్."

"ఈ నురగతోనా?"

"నురగ ఏ పార్టీ మీదైనా ఒకటే సార్. లేవండి."

అందరూ గొల్లుమన్నారు. ఆయన లేచాడు. బెంచీ చివర ఉన్నది ఆయన మీద పోటీ చేసి ఓడినాయన. జరిగి చోటిచ్చాడు. ఆట అయ్యేదాకా ఇద్దరూ కలిసి రిఫరీని తిట్టారు. ఇన్నేళ్లుగా శాసనసభ వార్తలు రాస్తున్నాను, స్పీకర్ మాటకు ఇంత విలువ ఎన్నడూ చూడలేదు.

మిక్సీ జారు మార్చి ఇచ్చారా? బిల్లు పారేయకు. నాకు రెండు తువ్వాళ్లు పంపు.

ఆదివారం ఫైనల్. ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టు. పార్టీ పేరెత్తినవాళ్లు లేచి గిన్నెలు తోమాలని చెప్పు. నేను చెబితే వినరు, నువ్వంటే ఇద్దరూ కిక్కురుమనరు. గిన్నెలు అప్పటిదాకా ముట్టుకోవద్దని వదినకు చెప్పు.

కార్డులో చోటు లేదు. నాన్నగారికీ అన్నయ్యకూ కలిపి ఒకటే నమస్కారం, పక్కపక్కన కూర్చుని తీసుకోమను.

నీ చిన్నోడు